ఒకే డబ్బాలో మూడు సిస్టమ్‌లు: నల్లగొండ డీటీపీ షాపు మెషీన్ డైరీ

ముందు మెషీన్ సంగతి

నల్లగొండలో క్లాక్ టవర్‌కు దగ్గరలో మా మేనమామకు డీటీపీ షాపు ఉంది. పెండ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, దశదిన కర్మ కార్డులు, బిల్లు బుక్కులు, చెర్వుగట్టు జాతర వచ్చిందంటే ఫ్లెక్సీలు, ఎలక్షన్లు వచ్చాయంటే రాత్రింబవళ్ళు కరపత్రాలు. ఈ పనంతా మోసేది ఒక్క కంప్యూటర్. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, అందులో 32 బిట్ విండోస్ 7. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, దాంట్లో తెలుగు కొట్టే అను ఫాంట్లు, ఏళ్ళ తరబడి కొట్టిన పత్రికల ఫైళ్ళు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. పెద్దకొడుకు పెండ్లికి కార్డు కొట్టించినవాళ్ళు చిన్నకొడుకు పెండ్లికి వచ్చి "అదే డిజైన్, పేర్లు మార్చండి చాలు" అంటారు. ఆ పాత ఫైలు అప్పటికప్పుడు తెరుచుకోవాలి, అందుకే విండోస్ 7ను తీసేద్దామనే మాటే లేదు.

అలాగని దాంతోనే నెట్టుకురావడమూ కుదరదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తో అయిపోయింది. క్రోమ్ 109 తర్వాతి వెర్షన్లు దానిమీద ఎక్కవు, కొత్త సైట్లు సగం సగం తెరుచుకుంటున్నాయి. ఫ్లెక్సీ డిజైన్ పంపే కుర్రాళ్ళంతా కొత్త కోరల్‌డ్రాలో పంపుతున్నారు, దానికి 64 బిట్ విండోస్ 10 కావాలి. విండోస్ 11 ఈ మెషీన్‌కు రానే రాదు, దానికి టీపీఎం 2.0 అనే భద్రత భాగం ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి మొదలు. పోనీ విండోస్ 10 అంటే దాని మామూలు సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

అందుకని పంపకం ఇలా పెట్టుకున్నాం. పాత పత్రికల పని విండోస్ 7లో, నెట్ కనెక్షన్ లేకుండా. కోరల్, ఫ్లెక్సీ పని విండోస్ 10లో. ఇంటర్నెట్, మెయిల్, వాట్సాప్ వెబ్, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు, ఇవన్నీ లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్‌లో. ఇప్పుడు మూఢం నడుస్తోంది, లగ్గాలు లేవు, షాపులో పని పలచగా ఉంది. ముహూర్తాలు మొదలయ్యేలోపు ఇది తేలాలి.

టైపింగ్ చేసే అక్క పెట్టిన షరతు ఒక్కటే: "తమ్మీ, నా ఫైళ్ళు ఏడున్నయో ఆడ్నే ఉండాలె. డి డ్రైవ్ అంటే డి డ్రైవే." పేజ్‌మేకర్ ఫైలు బొమ్మలను వాటి దారి పేరుతో గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి అక్క చెప్పింది అక్షరాలా నిజం. డ్రైవ్ అక్షరం మారితే ప్రతి పత్రికలోనూ వినాయకుడి బొమ్మ ఎక్కడుందో చూపించమని అడుగుతుంది.

యూఈఎఫ్ఐయా, లెగసీయా

పని మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సిన అసలు విషయం ఇదే, ఇది తేలకుండా పెన్‌డ్రైవ్ పెట్టడం దండగ.

ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే, అంటే బూట్ చేసే పద్ధతులు రెండు, కొత్త యూఈఎఫ్ఐ, పాత లెగసీ బయోస్. ఈ బోర్డు రెండింట్లోనూ లేస్తుంది. 32 బిట్ విండోస్ 7 యూఈఎఫ్ఐలో బూట్ కాదు, దానికి లెగసీయే దిక్కు, డిస్క్ కూడా ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలోనే ఉండాలి. మిగతా రెండింటిని యూఈఎఫ్ఐలో, కొత్త విభజన పద్ధతి అయిన జీపీటీ డిస్క్ మీద పెట్టుకోవచ్చు, విడిగా చూస్తే అదే మంచిది కూడా. కానీ యూఈఎఫ్ఐలో లేచిన గ్రబ్ (ఏ సిస్టమ్ లేపాలో అడిగే లినక్స్ బూట్‌లోడర్) మెనూ, లెగసీలో లేవాల్సిన విండోస్‌ను లేపలేదు. రెండు డిస్కులు పెట్టి, ఆన్ చేసినప్పుడల్లా ఫంక్షన్ కీ నొక్కి ఏ డిస్కో ఎంచుకోవాలి. నాలాంటివాడికైతే అది పెద్ద విషయం కాదు. పొద్దున షటర్ ఎత్తి, సిస్టమ్ ఆన్ చేసి, ఊదుబత్తి వెలిగించే అక్కకు ఆ రెండు సెకన్ల కీ పట్టుకోవడం కుదరని పని. షాపులో నడిచేది షాపు అలవాటుకు తగ్గట్టే ఉండాలి.

కాబట్టి మూడూ లెగసీలోనే, ఒకే ఎంబీఆర్ డిస్క్ మీద, ఒకే మెనూతో. దీనికి మూల్యం ఉంది. సెక్యూర్ బూట్ (బూట్ ఫైళ్ళు నమ్మదగినవో కాదో చూసే కాపలా) ఉండదు, 2 టీబీకి మించిన డిస్క్ పనికిరాదు, ప్రైమరీ పార్టిషన్లు, అంటే డిస్క్‌ను పంచే ముఖ్యమైన ముక్కలు, నాలుగుకు మించవు. మొదటి రెండూ మాకు అడ్డం కావు. మూడోది మాత్రం బాగా అడ్డం వచ్చింది, కిందికి వస్తే తెలుస్తుంది.

వర్చువల్ మెషీన్ ఎందుకు కాదని ఫ్రెండ్ అడిగాడు. 8 జీబీ ర్యామ్‌లో ఒక విండోస్ లోపల ఇంకో విండోస్ నడిపి, దాంట్లోంచి ప్రింటర్‌కు మార్జిన్ తేడా రాకుండా కార్డు కొట్టాలంటే రోజూ ఏదో ఒక తంటా. బల్క్ ఆర్డర్‌లో ఒక్క మిల్లీమీటరు జరిగినా కార్డులన్నీ మూలకు పోతాయి. ఎందులో మార్జిన్లు కుదిరి ఉన్నాయో అందులోనే కొట్టడం మేలు.

సికింద్రాబాద్ నుంచి ఎస్ఎస్‌డీ

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీకి పోయి 1 టీబీ సాటా ఎస్ఎస్‌డీ, బోర్డుకు ఒక సీఆర్2032 బటన్ సెల్ తెచ్చాను. 480 జీబీది చవకగా వస్తుందని షాపతను చూపించాడు కానీ పాత డిస్క్ 500 జీబీది. దాన్ని ఉన్నదున్నట్టు దింపాలంటే 480 సరిపోదు. చాలామంది ఇంటికొచ్చాక గమనించే తేడా ఇది, కొనేవాళ్ళు జాగ్రత్త.

పాత డిస్క్ నాడి

ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైవ్ మింట్ పెన్‌డ్రైవ్‌తో లేపి, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే చెప్పే స్మార్ట్ రిపోర్ట్ తీశాను. పెండింగ్ సెక్టార్లు ఉన్నాయి. అంటే డిస్క్ కొన్ని చోట్ల చదవలేక తడబడుతోంది, ఇంకా చేతులెత్తేయలేదు. ఈ స్థితిలో డిస్క్‌ను ఉన్నదున్నట్టు దింపే మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ పెడితే చెడిన చోట ఆగిపోయి, అదే చోట పదే పదే గోకి, బాగున్న భాగాన్ని కూడా అలసిపోయేలా చేస్తుంది. చెడిన డిస్కుల కోసమే ఉన్న డిడిరెస్క్యూ అనే పనిముట్టు అలా కాదు. ముందు బాగున్నదంతా గబగబా తోడేసుకుంటుంది, చెడ్డ చోట్లను ఒక మ్యాప్ ఫైలులో రాసి పెట్టుకుని, చివర్లో తీరిగ్గా వాటి దగ్గరికి వస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ మ్యాప్ చూసుకుని ఆగిన చోటి నుంచి మొదలుపెడుతుంది. నల్లగొండలో ఇది చిన్న లాభం కాదు.

దానికంటే ముందు మామూలు కాపీ. డి, ఇ డ్రైవ్‌లు రెండూ బయటి హార్డ్ డిస్క్‌లోకి. కాపీ అయ్యాక రెండు వైపులా చెక్‌సమ్ (ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య) లెక్కగట్టి పోల్చాను. ఫైళ్ళ సంఖ్య కలిసినంత మాత్రాన సరిపోదు, లోపలి బైట్లు కలవాలి.

క్లోన్‌కు దిగేముందు ఒక ముఖ్యమైన సంగతి. లినక్స్‌లో డిస్కులకు పేర్లు ఎస్‌డిఎ, ఎస్‌డిబి అని వస్తాయి, ఏది ఏదో లేచిన ప్రతిసారీ మారొచ్చు. ఏది పాతది, ఏది కొత్తది అన్నది సైజు, మోడల్, సీరియల్ నంబర్ చూసి తేల్చుకోవాలి. నేను రెండు డిస్కుల సీరియల్ నంబర్లు కాగితం మీద రాసి, మానిటర్‌కు అంటించి, అప్పుడు ఎంటర్ నొక్కాను. ఇక్కడ దిశ తిరగబడితే ఖాళీ డిస్క్ వచ్చి పాత దాని మీద పడుతుంది.

రాత్రంతా నడిచింది. పొద్దున చూస్తే కొన్ని కిలోబైట్లు తప్ప అంతా వచ్చింది. ఆ పోయిన సెక్టార్లు ఏ ఫైలులోవి? అది తెలియకుండా ముందుకు పోబుద్ధి కాలేదు. విండోస్ డ్రైవ్‌ల్లో ఫైళ్ళు అమర్చే పద్ధతి ఎన్‌టీఎఫ్ఎస్, దాని లినక్స్ పనిముట్లలో ఎన్‌టీఎఫ్ఎస్ క్లస్టర్ అని ఒకటుంది, సెక్టార్ నంబర్ ఇస్తే అక్కడ ఏ ఫైలుందో చెప్తుంది. అడిగితే ఒక బొమ్మల ఫోల్డర్‌లోని థంబ్‌నెయిల్స్ ఫైలు అని తేలింది, విండోస్ తనంతట తాను మళ్ళీ తయారు చేసుకునేదే. పత్రిక ఒక్కటి కూడా పోలేదు. మామకు ఫోన్ చేసి చెప్తే, "అయితే ఇగ టెన్షన్ లేదు, కానీయ్" అన్నాడు.

పాతది తీసి కొత్తది పెట్టాక

క్లోన్ అయిన డిస్కులు రెండింటినీ ఒకేసారి తగిలించి విండోస్ లేపకూడదు. ఎంబీఆర్‌లో డిస్క్‌కు నాలుగు బైట్ల సంతకం ఉంటుంది, క్లోన్‌లో అదీ అచ్చం అలాగే వస్తుంది. రెండింటి సంతకమూ ఒకటే కనిపిస్తే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది, డ్రైవ్ అక్షరాలు గందరగోళమవుతాయి. పాత డిస్క్ విప్పేసి, కవర్‌లో పెట్టి, తేదీ రాసి బీరువాలో పెట్టించాను.

ఎస్ఎస్‌డీ మీద విండోస్ 7 ఎప్పటిలాగే లేచింది, కాకపోతే అక్క టీ తాగి వచ్చేలోపు కాదు, కుర్చీలో కూర్చునేలోపు. కానీ బయోస్‌లో సాటా, అంటే డిస్క్ కనెక్షన్, ఇంకా ఐడీఈ అనే పాత పద్ధతిలో ఉంది, అప్పట్లో సిస్టమ్ వేసినవాళ్ళు అలాగే వదిలేశారు. ఎస్ఎస్‌డీకి ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి కావాలి. నేరుగా బయోస్‌లో మారిస్తే విండోస్ 7 నీలి తెర చూపించి, స్టాప్ 7బి అని ఆగిపోతుంది, ఎందుకంటే ఏహెచ్‌సీఐ డ్రైవర్ దాంట్లో ఉన్నా నిద్రపుచ్చి ఉంటుంది. కాబట్టి ముందు రిజిస్ట్రీలో సర్వీసుల జాబితాలోకి పోయి, ఎంఎస్ఏహెచ్‌సీఐ అనే దాని స్టార్ట్ విలువను 0 చేయాలి, తర్వాత రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లో మార్చాలి. ఆ వరుసలో చేస్తే కొత్త హార్డ్‌వేర్ దొరికిందని చెప్పి ఇంకోసారి రీస్టార్ట్ అడుగుతుంది, అంతే. చెరిపేసిన చోట్లేవో ఎస్ఎస్‌డీకి చెప్పే ట్రిమ్ పనిచేస్తోందో లేదో కూడా చూసుకున్నాను, పనిచేస్తోంది.

పార్టిషన్లు విండోస్ 7 చేసినవే కాబట్టి 1 ఎంబీ హద్దు నుంచి మొదలయ్యాయి, ఎస్ఎస్‌డీకి అది సరైన అమరిక. ఎక్స్‌పీ కాలంలో 63వ సెక్టార్ నుంచి మొదలైన డిస్కులు ఉన్నవాళ్ళు మాత్రం ఇక్కడ అమరిక సరిచేసుకోవాలి.

నాలుగు గదుల సమస్య

ఇదీ నేను పైన చెప్పిన అడ్డం. పాత డిస్క్‌లో సిస్టమ్ రిజర్వ్‌డ్ (విండోస్ బూట్ ఫైళ్ళుండే చిన్న ముక్క) 100 ఎంబీ, సి, డి, ఇ, నాలుగూ ప్రైమరీలే. ఎంబీఆర్ టేబుల్‌లో ఉండేవే నాలుగు గదులు, నాలుగూ నిండాయి. ఎస్ఎస్‌డీలో వెనక 460 జీబీకి పైగా ఖాళీ కనిపిస్తోంది, వాడుకునే దారి లేదు.

ఇక్కడ విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ ఖాళీ మీద రైట్ క్లిక్ చేసి కొత్త వాల్యూమ్ అడిగితే, డిస్క్‌ను డైనమిక్ డిస్క్‌గా (విండోస్‌కు మాత్రమే చెందిన వేరే విభజన పద్ధతిలోకి) మారుస్తానని ఒక పెట్టె వస్తుంది. దానికి ఎస్ అనకండి. చూడ్డానికి దారి ఇచ్చినట్టే ఉంటుంది కానీ డైనమిక్ అయిన డిస్క్ మీద మింట్ ఇన్‌స్టాల్ చేయడం నరకం, డేటా ఉంచుకుని వెనక్కి తిప్పడం అంతకంటే కష్టం. చిన్నచిన్న షాపుల్లో ఆ పెట్టెకు ఎస్ కొట్టేసి, తర్వాత సిస్టమ్ ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్ళను చూశాను.

సరైన దారి: ఇ డ్రైవ్ డేటా బయటి డిస్క్‌లో భద్రంగా ఉంది కదా, ఇ పార్టిషన్ తీసేసి, ఆ చోటూ వెనకున్న ఖాళీ అంతా కలిపి ఒక ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ చేయడం. దాని లోపల లాజికల్ పార్టిషన్లు చాలానే పెట్టుకోవచ్చు. పార్టిషన్లు మార్చే లినక్స్ ప్రోగ్రామ్ జీపార్టెడ్‌లో చేశాను. మొదటి లాజికల్ 150 జీబీ మళ్ళీ ఇ డ్రైవే, డేటా తిరిగి పోసి అదే అక్షరం ఇచ్చాను. తర్వాత విండోస్ 10కి 250, మింట్‌కు 100, స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు లినక్స్ వాడుకునే చోటు) 8. మిగిలిన 110 జీబీ దాకా దేనికీ ఇవ్వకుండా వదిలాను, రేపు ఏది ఇరుకైతే దానికి. ఎవరైనా డిస్క్ మొత్తం మొదటి రోజే పంచేస్తుంటే వద్దని చెప్తాను, ఏ సిస్టమ్ ఎంత తింటుందో ఒక సీజన్ వాడితే కానీ తెలియదు.

టేబుల్ మార్చే ముందు డిస్క్ మొదటి 1 ఎంబీని ఒక ఫైలుగా, పార్టిషన్ టేబుల్‌ను ఇంకో టెక్స్ట్ ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాను. చేసేది నిమిషం పని.

విండోస్ 10

దీనికంటే ముందు ఒక చిన్న ఏర్పాటు. విండోస్ 7లో ఉండగానే బీసీడీబూట్ కమాండ్‌తో దాని బూట్ ఫైళ్ళను దాని సి డ్రైవ్‌లోనే ఇంకో ప్రతి వేయించాను. ఎందుకంటే విండోస్ 10 వచ్చాక సిస్టమ్ రిజర్వ్‌డ్‌లోని బూట్ మేనేజర్‌ను తనది చేసుకుంటుంది, విండోస్ 7ను తన మెనూలో ఒక వరుసగా పెట్టుకుంటుంది. ఆ నీలి మెనూలో విండోస్ 7 ఎంచుకుంటే మెషీన్ మళ్ళీ మొదటి నుంచి రీస్టార్ట్ అయి, అప్పుడు దానిలోకి పోతుంది, ఎందుకంటే ఆ మెనూ చూపించడానికే విండోస్ 10 సగం లేచి ఉంటుంది. పైగా గ్రబ్ మెనూ ఒకటి, దాని తర్వాత ఈ మెనూ ఇంకొకటి. అలా కాకుండా విండోస్ 7 బూట్ ఫైళ్ళు దాని దగ్గరే ఉంటే ఏ మెనూ మీదా ఆధారపడదు.

ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌ను, అలాంటివి తయారు చేసే రూఫస్ అనే ప్రోగ్రామ్‌లో ఎంబీఆర్, బయోస్ అని ఎంచుకుని చేశాను. బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ పేరు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్న వరుస ఒకటి, లేనిది ఒకటి కనిపిస్తే, లేనిదే పట్టుకోవాలి. ఉన్నది పట్టుకుంటే ఈ డిస్క్‌లో ఎంబీఆర్ టేబుల్ ఉంది, ఇన్‌స్టాల్ చేయలేను అని సెటప్ మొండికేస్తుంది.

లాజికల్ పార్టిషన్‌లోకి విండోస్ 10 ఏ పేచీ లేకుండా ఎక్కింది. యాక్టివ్ (ఇక్కడి నుంచి బూట్ కావాలని గుర్తు పెట్టిన) ప్రైమరీ ఒకటి ఉంటే దానికి చాలు. ఎక్కాక విండోస్ 7 పార్టిషన్‌కు ఇక్కడ అక్షరం తీసేశాను, ఎవరూ పొరపాటున అందులో చేయి పెట్టకుండా. డి, ఇ మాత్రం రెండు చోట్లా అవే అక్షరాలు. బూట్ జాబితాలోంచి విండోస్ 7 వరుస కూడా తీసేశాను, దాన్ని లేపేది ఇక గ్రబ్బే.

మింట్, గ్రబ్

మింట్ 22, ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో. ఉబుంటు 24.04 మీద కట్టింది కాబట్టి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, ఈ పాత మెషీన్‌కు బరువు కూడా కాదు. విండోస్‌ల తర్వాత లినక్స్ చివర్లో వేయడం ఎందుకంటే, విండోస్ సెటప్ బూట్ రికార్డును అడగకుండా తనది రాసేస్తుంది, లినక్స్ మిగతావాళ్ళను వెతికి మెనూలో పెడుతుంది.

ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్లు చేత్తో ఎంచుకునే దారిలో వెళ్ళి, బూట్‌లోడర్‌ను పార్టిషన్‌లో కాకుండా డిస్క్ మొదట్లో పెట్టించాను. గ్రబ్ 2.06 నుంచి మిగతా సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను దాని రూపకర్తలు డీఫాల్ట్‌గా ఆపేశారు, మింట్ వాళ్ళు మాత్రం తెరిచే ఉంచారు. వేరే డిస్ట్రో (లినక్స్ రకం) వేసుకునేవాళ్ళకు మెనూలో విండోస్ కనపడకపోతే గ్రబ్ సెట్టింగుల ఫైలులో దాన్ని తెరిచి, అప్‌డేట్ గ్రబ్ నడపాలి. మాకు రెండు విండోస్‌లూ విడివిడిగా కనపడ్డాయి, ఆ బీసీడీబూట్ పని ఫలితం అది.

తర్వాత ఎందుకైనా మంచిదని గ్రబ్‌ను చేత్తో ఇంకోసారి వేయించి చూస్తే ఒక హెచ్చరిక వచ్చింది: 32వ సెక్టార్‌ను వేరే ప్రోగ్రామ్ వాడుకుంటోంది, దాన్ని వదిలేస్తున్నాను అని. డిస్క్ మొదట్లో బూట్ రికార్డుకూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఉండే ఖాళీలో గ్రబ్ తన ముఖ్యభాగం దాచుకుంటుంది. అక్కడే కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు తమ లైసెన్సు గుర్తును రహస్యంగా రాసుకునేవి. ఒకప్పుడు ఈ రెండూ ఒకదాన్నొకటి తుడిచేసుకుని మెషీన్లు లేవకుండా పోయేవి, అందుకే గ్రబ్ రాసేవాళ్ళు ఆ గుర్తులను కనిపెట్టి పక్కకు జరిగేలా రాశారు. ఇతరుల వస్తువు తొక్కకుండా దాటిపోయే ఈ జాగ్రత్త నాకు చాలా నచ్చింది.

చెక్ డిస్క్ గొడవ

రెండు రోజులు అటూ ఇటూ లేపి చూస్తుంటే ఒకటి బయటపడింది. విండోస్ 10 ఆఫ్ చేసి విండోస్ 7 లేపినప్పుడల్లా డి డ్రైవ్‌కు చెక్ డిస్క్ (డ్రైవ్‌లో తప్పులు వెతికే పరీక్ష) నడుస్తోంది. మింట్‌లో అదే డ్రైవ్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటోంది.

రెండింటికీ మూలం ఒకటే, ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 10లో షట్ డౌన్ నొక్కితే అది పూర్తిగా ఆగదు, సిస్టమ్ భాగాన్ని డిస్క్‌లో దాచి నిద్రపోతుంది, తెరిచి ఉన్న డ్రైవ్‌లను సరిగ్గా మూయదు. పైగా విండోస్ 8 నుంచి ఎన్‌టీఎఫ్ఎస్ తన లాగ్‌ను (మార్పులు రాసుకునే చిట్టాను) కొత్త రకంలోకి మార్చుకుంటుంది, శుభ్రంగా మూసేటప్పుడు తిరిగి పాత రకంలోకి తెస్తుంది. మూయకపోతే విండోస్ 7కు ఆ లాగ్ అర్థం కాదు, అందుకే చెక్ డిస్క్. ఇది చికాకు ఒక్కటే కాదు, ప్రమాదం కూడా. అలా నిద్రలో ఉన్న డ్రైవ్‌లో వేరే సిస్టమ్ ఏదైనా రాస్తే, విండోస్ 10 లేచాక తన పాత జ్ఞాపకంతో రాయడం మొదలుపెడుతుంది, ఫైళ్ళు చెడిపోతాయి. మూడు సిస్టమ్‌లు ఒకే డ్రైవ్ పంచుకునేచోట నిద్ర అనేదే ఉండకూడదు. విండోస్ 10లో అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి హైబర్నేషన్ మొత్తం ఆపేశాను, దాంతో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోయింది. ఆ తర్వాత చెక్ డిస్క్ మళ్ళీ రాలేదు. మింట్‌లో డి డ్రైవ్‌ను మాత్రం కావాలనే చదవడానికి మాత్రమే ఉంచాను, నెట్ ఉన్న సిస్టమ్‌కు పాత పత్రికల మీద రాసే హక్కు అక్కర్లేదు.

గడియారం

మింట్ నుంచి విండోస్‌కు పోతే టైమ్ ఐదున్నర గంటలు వెనక్కి. బోర్డు గడియారాన్ని లినక్స్ గ్రీనిచ్ లెక్కలో పెడుతుంది, విండోస్ స్థానిక సమయం అనుకుని చదువుతుంది. తెల్లవారుజామున బిల్లు కొడితే నిన్నటి తేదీ పడుతుంది. రెండు విండోస్‌లను మార్చడం కంటే మింట్‌లో ఒక్క కమాండ్‌తో స్థానిక సమయానికి మార్చడం సులువు. అది వేసవి సమయం మార్పుల గురించి హెచ్చరిస్తుంది, మన దేశంలో ఆ మార్పు లేదు కాబట్టి ఇబ్బంది లేదు. తెచ్చిన బటన్ సెల్ కూడా ఇప్పుడే మార్చాను.

మెనూలో తెలుగు

అక్కకు మెనూ తెలుగులో కావాలి. న్యాయమే, రోజంతా తెలుగు కొట్టే మనిషి. గ్రబ్ వరుసల పేర్లు తెలుగులో రాసి చూశాను. అక్షరాలు కనపడ్డాయి కానీ వత్తులు కిందికి చేరలేదు, గుణింతాలు పక్కన వేలాడాయి, "పత్రిక" అన్న మాట ముక్కలు ముక్కలుగా పడింది. గ్రబ్ అక్షరాలను వరుసగా పెట్టగలదు కానీ మన లిపికి కావాల్సిన కూర్పు దానికి చేతకాదు. బ్రౌజర్‌లో, ఫోన్‌లో ఈ కూర్పు చేసేది వేరే ఇంజిన్, అంత పెద్దది బూట్‌లోడర్‌లో ఉండదు.

అయితే గ్రబ్ బొమ్మ చూపించగలదు. డీటీపీ షాపులో బొమ్మకు కరువా! వరుసలకు 1, 2, 3 అని అంకెలు పెట్టి, ఆ అంకె నొక్కితే అదే లేచేలా హాట్‌కీలు ఇచ్చాను. అక్క తన విండోస్ 7లోనే ఒక బ్యాక్‌గ్రౌండ్ తయారు చేసింది. పత్రిక అట్టకు వేసే పసుపు రంగు అంచు, కింద సగంలో పెద్ద అక్షరాలతో "1 పాత పత్రికలు, 2 కోరల్ ఫ్లెక్సీ, 3 ఇంటర్నెట్, పెన్‌డ్రైవ్". పైసగం ఖాళీ, మెనూ వరుసలు అక్కడ పడతాయి. మొదటిసారి బొమ్మ రాలేదు. మామూలు ఆర్‌జీబీ పీఎన్‌జీగా మళ్ళీ సేవ్ చేస్తే వచ్చింది. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ అచ్చు పత్రికలో ఉన్నట్టే ఉన్నాయి. మామ కౌంటర్ దగ్గర నుంచి లేచొచ్చి రెండుసార్లు రీస్టార్ట్ చేయించుకుని చూశాడు.

పెన్‌డ్రైవ్‌లు, యూనికోడ్

షాపుకు వచ్చే పెన్‌డ్రైవ్‌లలో షార్ట్‌కట్ వైరస్ మామూలే. ఫోల్డర్లు మాయమై వాటి పేరుతో షార్ట్‌కట్లు కనిపిస్తాయి, క్లిక్ చేస్తే అంటుకుంటుంది. మింట్‌లో ఆ షార్ట్‌కట్లు నడవవు, దాచిన అసలు ఫోల్డర్ చూపించమంటే చూపిస్తుంది. ఇకనుంచి ఏ పెన్‌డ్రైవ్ అయినా ముందు 3లోనే తెరవాలని నియమం పెట్టాం. కావాల్సిన ఫైలు ఇ డ్రైవ్‌లోకి తీసి, తర్వాత 1కో 2కో పోవాలి. విండోస్ 7లో నెట్‌వర్క్ కార్డును డివైస్ మేనేజర్‌లోనే ఆపేశాను.

కస్టమర్లు ఇప్పుడు పేర్లన్నీ వాట్సాప్‌లో యూనికోడ్‌లో (ఫోన్లు, బ్రౌజర్లు వాడే అక్షర పద్ధతిలో) పంపుతున్నారు, పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, అను ఫాంట్ల అమరిక వేరు. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కానీ పెండ్లి పత్రికలో ఇంటిపేరు వత్తు తప్పితే సంబంధాల దాకా పోతుంది, అందుకే మార్చాక అక్క ప్రతి పేరూ కళ్ళతో చదువుతుంది. కొత్త పనిని నెమ్మదిగా యూనికోడ్‌లోనే మొదలుపెడదామని అక్కకు మింట్‌లో తెలుగు కీబోర్డు పెట్టిచ్చాను. దాని కీల అమరిక, ఇన్‌స్క్రిప్ట్, వేళ్ళకు ఇంకా అలవాటు కాలేదు, రోజూ ఒక బిల్లు బుక్కు దాంట్లో కొడతానంది.

ఇంకా ఉన్నవి

మెనూలో డీఫాల్ట్ ఏది ఉండాలన్న దాని మీద మామకూ అక్కకూ కుదరలేదు. మామకు 3 కావాలి, అక్కకు 1. చివరిసారి ఏది లేపితే ఈసారి అదే లేచేలా పెట్టాను. గ్రబ్ తానుగా కనిపెట్టిన వరుసలకు సెట్టింగుల ఫైలులో రెండు లైన్లు చాలు, మనం చేత్తో రాసిన వరుసలకు మాత్రం లోపల సేవ్ డీఫాల్ట్ అనే మాట కూడా ఉండాలి, లేకపోతే గుర్తుపెట్టుకోదు.

క్లోన్‌జిల్లా అనే పనిముట్టుతో డిస్క్ మొత్తానికి ఇమేజ్ (పూర్తి నకలు ఫైళ్ళు) తీసి బయటి డిస్క్‌లో పెట్టాను. మళ్ళీ పెద్ద మార్పు ఏది చేసినా ముందు ఇంకో ఇమేజ్. షాపులో ఇంకో ల్యాప్‌టాప్ ఉంది, అది ఏడో తరం, యూఈఎఫ్ఐ, జీపీటీ, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ కూడా ఆన్‌లో ఉంది. దాని మీద చేయి వేసే ముందు 48 అంకెల రికవరీ కీ కాగితం మీదికి రావాలి. ఆ కీ మామ పాత మెయిల్ అకౌంట్‌లో ఉందట, పాస్‌వర్డ్ కోసం పాత డైరీలు తీస్తున్నాడు.